దంచినప్పుడే పుట్టే ఘాటు

హోసూరు రోడ్డు మీది ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే దిగి ఎలక్ట్రానిక్ సిటీలోని నీలాద్రి రోడ్డు వైపు మళ్లితే, సాయంత్రం ఏడు దాటాక ఇది తెలుగువాళ్లు మసలే పేట అని వాసనే చెబుతుంది. ఒక పీజీ వంటగదిలో పప్పుచారుకు తాలింపు పడుతుంది. ఆ పక్క మెస్సులో కోడి వేపుడు దించబోతూ కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, గుప్పెడు కరివేపాకు వేసి గరిటె తిప్పుతారు. మలుపులో టిఫిన్ బండి పెనం మీద దోశకు ఎర్రకారం పులుముతారు. ఎండుమిరప, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరిన రాయలసీమ కారం అది. మూడు చోట్లా మిరప ఉంది, నూనె ఉంది. అయినా ముక్కుకు ముందుగా తగిలేది వెల్లుల్లే.

1970ల చివర్లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాల మీద ఎలక్ట్రానిక్ పరిశ్రమల కోసం ఈ పేటను నెలకొల్పింది. ఆ కల కన్నవాడు సంస్థ తొలి ఛైర్మన్ ఆర్.కె. బాళిగ. తర్వాత ఇన్ఫోసిస్, విప్రో వంటి కంపెనీలు ఇక్కడ పెద్ద క్యాంపస్‌లు కట్టాయి. 2010లో ఎక్స్‌ప్రెస్‌వే, 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం వచ్చాయి. అనంతపురం, కర్నూలు, చిత్తూరు, గుంటూరు, హైదరాబాద్‌ల నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లల సంచుల్లో వెల్లుల్లి కారం డబ్బాలు, వెల్లుల్లి ఆవకాయ, గోంగూర పచ్చడి సీసాలు కూడా వచ్చాయి. ఇక్కడి బతుకు ఏసీ గదుల్లో, కంపెనీ బస్సుల్లో పదిమందితో కలిసి ఒకే గాలి పీల్చే బతుకు. అందుకే వెల్లుల్లి దండిగా తినడంలోని సుఖమూ, దానివల్ల వచ్చే చిక్కూ ఇక్కడ ఒకే మనిషికి పన్నెండు గంటల తేడాతో ఎదురవుతాయి. రాత్రి కంచం ముందు ఆనందం, పొద్దున మీటింగులో బెరుకు.

ఈ రెండింటికీ మూలం ఒకే రసాయన చర్య. అది మొదలయ్యేది మన చేతిలో, కత్తిపీట దగ్గరో రోటి దగ్గరో. ఆ సంగతి తెలిసినవాళ్లు వెల్లుల్లిని మానుకోనక్కర్లేదు. ఎప్పుడు ఎలా తినాలో ఎంచుకోగలుగుతారు.

రోట్లో ఏం జరుగుతుంది

చెక్కుచెదరని వెల్లుల్లి రెబ్బకు వాసన దాదాపు ఉండదు. దాని మీద బండ పడిందంటే గదంతా ఘాటు నిండుతుంది. ఎందుకంటే ఆ ఘాటు రెబ్బలో ముందే తయారై కూర్చున్న పదార్థం కాదు. రెబ్బలోని కొన్ని కణాల్లో అల్లీన్ అనే గంధక సమ్మేళనం ఉంటుంది. పచ్చి వెల్లుల్లి బరువులో ఇది ఇంచుమించు ఒక శాతం. దీనికి వాసన లేదు. వేరే కణాల్లో, లోపలి చిన్న అరల్లో అల్లినేజ్ అనే ఎంజైమ్ దాగి ఉంటుంది. అగ్గిపుల్ల, అగ్గిపెట్టె పక్కపక్కనే ఉన్నా గీస్తే తప్ప నిప్పు పుట్టనట్టు, ఈ రెండూ కలిస్తే తప్ప ఘాటు పుట్టదు. దంచినా, తరిగినా, కొరికినా కణాల గోడలు చితికి రెండూ కలుస్తాయి. నిమిషం తిరిగేలోగా అల్లిసిన్ తయారవుతుంది. మనకు తెలిసిన పచ్చి వెల్లుల్లి ఘాటు అదే.

మొక్క దీన్ని మన వంట కోసం అమర్చుకోలేదు. నేలలో పెరిగే గడ్డను పురుగు కొరికినా, బూజు పట్టినా, గాయమైన చోటే విషం పుట్టేలా చేసుకున్న రక్షణ ఇది. అల్లిసిన్‌ను 1944లో అమెరికాలో చెస్టర్ కవల్లీటో, జాన్ హేస్ బెయిలీ వేరుచేశారు. అది బ్యాక్టీరియాను చంపుతుందని వాళ్లు చూపించారు. అయినా అది మందుబిళ్ల కాలేకపోయింది. కారణం దాని నిలకడలేనితనం. గంటలు గడిచేకొద్దీ అది విడిపోయి డైఅల్లైల్ డైసల్ఫైడ్, ట్రైసల్ఫైడ్, అజోయీన్ వంటి వేరే గంధక సమ్మేళనాలుగా మారిపోతుంది. రుచి, వాసన, మేలు, కీడు చాలామటుకు ఈ కుటుంబం నుంచే వస్తాయి.

మన వంటలన్నీ ఈ చర్యను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదాని మీదే నిలబడ్డాయి. అల్లినేజ్ వేడికి తట్టుకోదు. చారులో నలక్కొట్టకుండా వేసిన రెబ్బ మరిగేసరికి లోపలి ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు పుట్టే అవకాశమే పోతుంది. అందుకే ఆ రెబ్బ ఉడికిన దుంపలా మెత్తగా, తియ్యగా ఉంటుంది. వేపుడులో ముందే దంచి చివర వేసిన వెల్లుల్లిలో అల్లిసిన్ అప్పటికే పుట్టి ఉంటుంది కాబట్టి ఘాటు కొంత మిగిలి, నూనెలో కొత్త సువాసనలుగా మారుతుంది. పులుపు మరీ ఎక్కువైనా ఎంజైమ్ పనిచేయదు. ఆవకాయ జాడీలో ఊరిన రెబ్బలు నెలలు గడిచాక ఘాటు చచ్చి కమ్మబడటానికి అదొక కారణం. ఇక వెల్లుల్లి కారంలో నిప్పు ఊసే లేదు. మిరపపొడి, ఉప్పు, జీలకర్రతో పచ్చి రెబ్బలు రోట్లో పడి నలుగుతాయి. వేడి అన్నం, నెయ్యితో కలిపినప్పుడు నోట్లో పడేది పచ్చి ఘాటే.

దంచాక వెంటనే బాణలిలో వేయకుండా కాసేపు పక్కన పెట్టాలని చెబుతారు. దీనికి ఆధారం ఉంది. అమెరికాలో 2001లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగంలో, వెల్లుల్లిని దంచకుండా నిమిషం పాటు మైక్రోవేవ్‌లో పెడితే అది చూపే రక్షణ గుణం పోయింది. దంచి పది నిమిషాలు ఆగి అప్పుడు వేడి చేస్తే కొంత నిలిచింది. ఎలుకల్లో కనిపించిన ఫలితాన్ని మనుషులకు నేరుగా అన్వయించలేం గానీ, ఎంజైమ్‌కు పని ముగించుకునే వ్యవధి ఇస్తే ఘాటు ఎక్కువ మిగులుతుందన్నది ఏ వంటింట్లోనైనా పరీక్షించి చూడొచ్చు.

నాలుక మీది మంట

పచ్చి వెల్లుల్లి నాలుకను కాలుస్తుంది. నిజానికి అక్కడ వేడి ఏమీ లేదు. నొప్పిని, వేడిని పసిగట్టే నరాల కొసల్లో కొన్ని ప్రొటీన్ ద్వారాలు ఉంటాయి. టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని వేడి తెరుస్తుంది, మిరపలోని క్యాప్సైసిన్ కూడా తెరుస్తుంది. టీఆర్‌పీఏ1 అనే దాన్ని ఆవాల ఘాటు తెరుస్తుంది. 2005లో అమెరికాలోని రెండు ప్రయోగశాలలు విడివిడిగా వెల్లుల్లి ఘాటుకు మూలం వెతికి, అది టీఆర్‌పీఏ1ను తెరుస్తుందని తేల్చాయి. వాటిలో ఒకటి అల్లిసిన్ మిరప ద్వారాన్నీ తట్టి లేపుతుందని చూపింది. ఆ ప్రయోగశాలల సారథులు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్. వేడిని, స్పర్శను శరీరం ఎలా గ్రహిస్తుందో కనిపెట్టినందుకు 2021లో వాళ్లిద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు వెల్లుల్లి ఆవకాయను ఈ కంటితో చూడండి. ఆవపిండి ఒక ద్వారాన్ని తెరుస్తుంది, కారం రెండోదాన్ని తెరుస్తుంది, వెల్లుల్లి ఈ రెండింటి మీదా పనిచేయగలదు. వీటికి తోడు మామిడి పులుపు, ఉప్పు, నూనె. నోరు మండుతున్నా చెయ్యి మళ్లీ జాడీ వైపు వెళ్లేది ఇందుకే. నిజంగా కాలని మంట ఇది. శరీరం అప్రమత్తమవుతుంది, నోట్లో నీరూరుతుంది, ముక్కు కారుతుంది, గాయం మాత్రం కాదు. ప్రమాదం లేని ఆ ఉద్వేగాన్ని మనిషి సుఖంగా అనుభవించడం నేర్చుకున్నాడు. నోబెల్ స్థాయి శాస్త్రం ఇప్పుడు విడమరిచి చెబుతున్న మూడు ఘాట్లను మన ఇళ్లలోని ఆడవాళ్లు తరాల కిందటే ఒక్క జాడీలో కలిపారు. దాన్ని నేను గొప్ప పాకశాస్త్ర విజ్ఞానంగానే లెక్కిస్తాను.

చనుబాలతో వచ్చిన రుచి

బాలింతకు పథ్యంలో వెల్లుల్లి పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. వెల్లుల్లి పొడితో మొదటి ముద్ద, కారం తక్కువ వేసి నేతిలో వేయించిన రెబ్బలు పెడతారు. పాలు బాగా పడతాయని పెద్దవాళ్ల మాట. పాల పరిమాణం సంగతి ఎలా ఉన్నా, పాల రుచి సంగతి మాత్రం శాస్త్రం పరీక్షించింది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో జూలీ మెనెల్లా, గ్యారీ బోషాంప్ 1991లో పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి మాత్రలు ఇచ్చి చూశారు. సుమారు రెండు గంటలకు పాలలో వెల్లుల్లి వాసన బాగా పెరిగింది. పిల్లలు మొహం తిప్పుకోలేదు సరికదా, రొమ్మును ఎక్కువసేపు పట్టుకుని ఉన్నారు. తల్లులు కొన్నాళ్లుగా వెల్లుల్లి తింటూ ఉన్నప్పుడు మాత్రం పిల్లలకు అదేమీ వింతగా తోచలేదని అదే బృందం తర్వాత చెప్పింది. వాళ్లకది అప్పటికే ఎరిగిన రుచి.

బెల్‌ఫాస్ట్‌లో 2013లో వచ్చిన పరిశోధన ఇంకా వెనక్కి వెళ్లింది. గర్భం చివరి వారాల్లో వెల్లుల్లి తరచుగా తిన్న తల్లుల పిల్లలకు ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో వెల్లుల్లి వేసినవి, వేయనివి రెండు రకాల బంగాళదుంప వంటకాలు పెట్టారు. వెల్లుల్లి వేసిన దుంపలను ఆ పిల్లలు మిగతా పిల్లలకన్నా ఎక్కువ తిన్నారు. పీజీ భోజనంలో చప్పిడి కూర చూసి, అలమార తెరిచి ఊరి నుంచి తెచ్చుకున్న కారం డబ్బా తీసే కుర్రవాడిది మొండితనం అనుకోనక్కర్లేదు. ఆ రుచితో అతని పరిచయం పుట్టకముందే మొదలై ఉండొచ్చు.

ఊపిరితో బయటికి

ఇక ఇబ్బందుల వైపు వద్దాం. అందరికీ తెలిసింది నోటి వాసన. పళ్లు తోముకున్నా, మౌత్‌వాష్ పుక్కిలించినా మర్నాటికి కూడా వదలదని చాలామంది ఫిర్యాదు. 1999లో మినియాపొలిస్ పరిశోధకులు దీని గుట్టు విప్పారు. వెల్లుల్లి తిన్న వెంటనే వచ్చే వాయువుల్లో చాలామటుకు నోట్లోనే పుడతాయి. అవి కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. కానీ అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే వాయువు దారి వేరు. పేగుల గోడలు, కాలేయం మిగతా గంధక వాయువులను విరిచేసినట్టు దీన్ని విరవలేవు. అది రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి, శ్వాసతో బయటికొస్తుంది. కొంత మూత్రంలో కూడా పోతుంది. వాసన నోట్లో లేనప్పుడు నోరు కడిగి లాభమేముంది?

అందుకే చికిత్స కంచం దగ్గరే మొదలవ్వాలి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో షెరిల్ బారింజర్ బృందం ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉంది. పచ్చి ఆపిల్, పుదీనా, లెట్యూస్ ఆకు వెల్లుల్లి తర్వాత నమిలితే శ్వాసలోని వాయువులు అరగంట పాటు సగానికి సగం తగ్గినట్టు చూశారు. పాల విషయంలో 2010లో వాళ్లు చెప్పింది మరీ పనికొచ్చేది. వెన్న తీయని పాలు తీసిన వాటికన్నా బాగా పనిచేస్తాయి, తిన్న తర్వాత తాగడంకన్నా తిండితో పాటే తాగడం మేలు. 2023లో పెరుగును పరీక్షించారు. సీసాల్లో చేసిన ఆ ప్రయోగంలో మీగడ పెరుగు వెల్లుల్లి వాసనను దాదాపు పూర్తిగా పట్టి ఉంచింది. అందులోని కొవ్వు, ప్రొటీన్లు రెండూ ఆ గంధక అణువులను బంధిస్తాయి. మనుషుల నోట్లో ఫలితం అంత సంపూర్ణంగా ఉంటుందని ఈ ప్రయోగం నిరూపించలేదు. అయినా వెల్లుల్లి కారంతో మొదలైన భోజనాన్ని గడ్డపెరుగు అన్నంతో ముగించే మన పద్ధతికి ఇంతకన్నా మంచి సమర్థన అక్కర్లేదు. తిన్న వెంటనే, ఆలస్యం చేయకుండా ఆ పెరుగు ముద్ద పడాలన్నదే ఇందులోని కీలకం.

ఒంటి వాసన విషయంలో మాత్రం ఒక ఆశ్చర్యం ఉంది. ప్రాగ్, స్టిర్లింగ్ పరిశోధకులు 2016లో 42 మంది మగవాళ్లతో చేసిన అధ్యయనంలో, 12 గ్రాముల వెల్లుల్లి తిన్న తర్వాత సేకరించిన చంక వాసన, తినని రోజుకన్నా బాగుందని వాసన చూసిన ఆడవాళ్లు చెప్పారు. 6 గ్రాములతో తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే అయినా, శ్వాసకు వర్తించేది చర్మానికి అలాగే వర్తించదని గుర్తుచేస్తుంది.

కడుపు చెప్పే మాట

వాసనకన్నా ఎక్కువ బాధించేది, అందరూ బయటికి చెప్పనిది కడుపుబ్బరం. దీనికి కారణం గంధకం కాదు, ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం. వెల్లుల్లి తన శక్తిని నిల్వ చేసుకునేది ఈ రూపంలోనే. పచ్చి గడ్డ బరువులో పదో వంతు, కొన్ని రకాల్లో అంతకు మించి ఇవే ఉంటాయి. వీటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో లేదు. అవి పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమై గ్యాస్‌గా మారతాయి. చాలామందికి ఇది మేలే, ఆ బ్యాక్టీరియాలో మంచివీ ఉంటాయి. కానీ ఐబీఎస్ ఉన్నవాళ్లకు, అంటే పేగులు చిన్న ఒత్తిడికే మెలిపెట్టేవాళ్లకు, రెండు రెబ్బలు చాలు రోజంతా పాడవడానికి. గంటల తరబడి కుర్చీకి అతుక్కుని, వేళ తప్పి తిని, నిద్ర చాలని ఐటీ ఉద్యోగంలో ఈ బాధ ఇంకా తెలుస్తుంది. పచ్చి వెల్లుల్లి కొందరిలో గుండెమంటను కూడా రేపుతుంది. రాత్రి పదకొండింటికి కారం దోశ తిని పన్నెండింటికి పడుకుంటే అది పైకి తన్నుతుంది.

ఇక్కడ కూడా వంటింటి రసాయనమే ఆదుకుంటుంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. ఘాటునిచ్చే గంధక సమ్మేళనాలు నూనెలో చక్కగా కరుగుతాయి. కాబట్టి నూనెలో రెబ్బలు ఎర్రగా వేయించి, రెబ్బలను తీసేసి, ఆ నూనెతోనే తాలింపు పెడితే సువాసన మిగులుతుంది, ఉబ్బరం రాదు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ రూపొందించిన ఆహార పద్ధతి ఐబీఎస్ రోగులకు ఇదే చెబుతుంది. రెబ్బలను చారులో వేసి మరిగించి తర్వాత ఏరేస్తే మాత్రం లాభం లేదు. ఫ్రక్టాన్లు అప్పటికే నీళ్లలోకి దిగిపోయి ఉంటాయి.

ఆ నూనెను సీసాలో పోసి బయట నిల్వ చేయడం మాత్రం వద్దు. గాలి తగలని, పులుపు లేని నూనెలో మునిగిన వెల్లుల్లిలో బొటులిజం కలిగించే బ్యాక్టీరియా విషం తయారుచేయగలదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్ వాడిన నూనెలో ఊరిన వెల్లుల్లి వల్ల 36 మంది జబ్బుపడ్డారు. ఉప్పు, పులుపు దండిగా ఉన్న ఆవకాయకు ఆ భయం లేదు. గదిలో ఫ్రిజ్ లేనివాళ్లు వెల్లుల్లి నూనెను ఏ పూటకు ఆ పూట చేసుకోవడమే మంచిది.

మందుగా మింగేటప్పుడు

పరగడుపున రెండు పచ్చి రెబ్బలు మింగితే కొలెస్టరాల్ కరిగిపోతుందన్న మాట ప్రతి ఆఫీసులో వినిపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం దీన్ని గట్టిగా పరీక్షించింది. కొలెస్టరాల్ ఓ మోస్తరుగా పెరిగిన 192 మందికి ఆరు నెలల పాటు, వారానికి ఆరు రోజులు, ఒక రెబ్బకు సమానమైన వెల్లుల్లిని పచ్చిగా కొందరికి, మాత్రలుగా కొందరికి, ఉత్తుత్తి మాత్రలు మరికొందరికి ఇచ్చారు. 2007లో వచ్చిన ఫలితం: చెడు కొలెస్టరాల్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏ గుంపులోనూ లేదు. రక్తపోటు విషయంలో ఆధారాలు ఇంతకన్నా మెరుగు. ఇప్పటికే బీపీ ఉన్నవాళ్లలో వెల్లుల్లి మాత్రలు పై అంకెను సగటున ఎనిమిది పాయింట్ల దాకా తగ్గించాయని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు పలు ప్రయోగాలను కలిపి లెక్కగట్టారు. డాక్టరు రాసిన మాత్ర ఆపేసి రెబ్బలు మింగమని దీని అర్థం కాదు.

పనిచేసే పదార్థానికి పక్క ప్రభావాలూ ఉంటాయి. అజోయీన్ వంటి సమ్మేళనాలు రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. అందుకే ఆపరేషన్‌కు కనీసం ఏడు రోజుల ముందు వెల్లుల్లి మాత్రలు ఆపాలని వైద్యులు సూచిస్తారు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటివి వాడేవాళ్లు పెద్ద మోతాదు జోలికి పోయేముందు డాక్టరుకు చెప్పి తీరాలి. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో వెల్లుల్లి మాత్రలు సాక్వినవిర్ అనే హెచ్‌ఐవీ మందు రక్తంలో సగానికి పడిపోయేలా చేశాయి. నూరిన వెల్లుల్లిని పంటి మీద, మోకాలి మీద, పసిపిల్లల ఒంటి మీద పట్టు వేసి వదిలేస్తే చర్మం నిజంగానే కాలి బొబ్బలెక్కుతుంది. పురుగును తరిమే రసాయనం మన చర్మాన్నీ వదిలిపెట్టదు. కూరలో రోజూ వేసే నాలుగైదు రెబ్బలతో ఈ భయాలేవీ ఉండవు. మందు మోతాదుకు మందు జాగ్రత్తలు వర్తిస్తాయి, అంతే.

ఎలా తినాలి

ఉదయాన్నే నలుగురి మధ్య కూర్చోవాల్సిన రోజుకు ముందు రాత్రి ఉడికిన, వేగిన వెల్లుల్లి చాలు. పచ్చి కారం శుక్రవారం రాత్రికో శనివారం మధ్యాహ్నానికో దాచుకోండి. దాంతో పాటు పెరుగు తప్పనిసరి. కడుపు మొరాయిస్తే రెబ్బలు మానేసి నూనెను నమ్ముకోండి. మందులు వాడుతుంటే మాత్రల రూపంలోని వెల్లుల్లికి దూరంగా ఉండండి.

వెల్లుల్లి అసలే లేని భోజనం సంగతేమిటి? 2018-19లో కర్ణాటకలో బడుల మధ్యాహ్న భోజనం విషయంలో దీని మీదే ఒక పెద్ద చర్చ జరిగింది. బెంగళూరు కేంద్రంగా పనిచేసే అక్షయపాత్ర సంస్థ బడిపిల్లలకు ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆ భోజనం పోషక ప్రమాణాలకు సరిపోతుందంది. పిల్లలకు ఆ రుచి ఎక్కక తక్కువ తింటున్నారని ఆహార హక్కు కార్యకర్తలు వాదించారు. రెండు మాటల్లోనూ నిజం ఉండొచ్చు. పోషకాల పట్టికలో వెల్లుల్లి లేని లోటును మరో దినుసు పూడ్చగలదు. కానీ అలవాటైన రుచి లేకపోతే కంచంలో అన్నం మిగిలిపోతుంది. వెల్లుల్లి మనకు చేసే అసలు మేలు ఇదే. పప్పును, ఆకుకూరను, రాగిసంగటిని, చప్పటి చారును ఇష్టంగా కడుపునిండా తినేలా చేస్తుంది. ఇళ్లకు దూరంగా, వేళకాని వేళల్లో, ఒంటరిగా తినే వేలమంది పిల్లలున్న చోట అది చిన్న మేలు కాదు. కొలెస్టరాల్ పేరు చెప్పి సమర్థించుకోనక్కర్లేదు, రుచిగా ఉందని తింటున్నామంటే చాలు.